ఒక్క ఎలుక, వేల ప్రయోగాలు



ఈ ఉపన్యాసం ఏ మాస్టారి పేరిట జరుగుతోందో ఆయన జీవితమంతా డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పారు. జువాలజీ చదివినవాళ్లకు పసుపు ఎలుకల లెక్క గుర్తుండే ఉంటుంది. రెండు పసుపు ఎలుకలను జత కలిపితే పసుపు పిల్లలూ మామూలు పిల్లలూ మూడుకి ఒకటి చొప్పున పుట్టాలి. పుట్టేది రెండుకి ఒకటి. పసుపు జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన పిండం గర్భంలోనే పోతుంది కాబట్టి. ఈ వింతను 1905లో ఫ్రాన్సులోని నాన్సీలో లూసియెన్ క్యూనో గమనించాడు. 1910లో హార్వర్డులో విలియం కాసిల్, ఆయన శిష్యుడు క్లారెన్స్ కుక్ లిటిల్ కలిసి కారణం తేల్చారు. మన సిలబస్‌లో ఎలుక కథ అక్కడితో ముగుస్తుంది. నిజానికి అది ఆ శిష్యుడి దగ్గరే మొదలైంది.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను, తరవాత సాక్ష్యాలు చూపిస్తాను. ఎలుకల జన్యుశాస్త్రం తన తొలి యాభై అరవై ఏళ్లూ ఎలుకల మధ్య తేడాలను తుడిచెయ్యడానికి శ్రమపడింది. ఆ తరవాతి కాలమంతా తుడిచేసిన తేడాలను తిరిగి తెచ్చి, వాటిని కొలిచే పనిముట్లు తయారుచేసుకోవడానికి శ్రమపడుతోంది. మొదటి పని మనకు బాగా ఒంటబట్టింది. రెండోది ఇంకా ఒంటబట్టలేదు. దాని ఫలితం మన ప్రయోగశాలల్లో, మన థీసిస్‌లలో కనిపిస్తోంది.

మసాచుసెట్స్ రాష్ట్రంలో గ్రాన్‌బీ అనే ఊళ్లో ఆబీ లాత్రాప్ అనే ఆవిడ ఉండేది. కొన్నాళ్లు బడిపంతులమ్మ. కోళ్ల పెంపకం పెట్టి నష్టపోయి, 1900 ప్రాంతాల్లో ఎలుకల పెంపకంలోకి దిగింది. అప్పట్లో రంగురంగుల ఎలుకలను ముచ్చటకు పెంచుకునేవాళ్లు ఉండేవారు. జపాను నుంచి, ఐరోపా నుంచి వచ్చిన రకాలు, గిరగిరా తిరిగే 'వాల్జింగ్' ఎలుకలు, తెల్లవి, నల్లవి, చాకొలెట్ రంగువి ఆమె కొట్టాల్లో చేరాయి. ఒక దశలో పదకొండు వేలకు పైగా ఉండేవట. కాసిల్ ప్రయోగశాలకు ఎలుకలు వెళ్లింది ఆవిడ దగ్గర్నుంచే. ఆవిడను ఎలుకలమ్మే మనిషిగానే చాలాకాలం తలుచుకున్నారు. కాని తన ఎలుకల్లో కొన్నిటికి చర్మం మీద గడ్డలు లేస్తున్నాయని గమనించి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని లియో లోబ్‌కు పంపి, అవి క్యాన్సర్లని తేలాక ఆయనతో కలిసి 1913 నుంచి పరిశోధన పత్రాలు ప్రచురించింది. ఏ కుటుంబపు ఎలుకలకు గడ్డలు ఎక్కువ వస్తున్నాయో, అండాశయాలు తీసేస్తే ఎలా తగ్గుతున్నాయో వాటిలో ఉంది. డిగ్రీలు లేవు. నోటుపుస్తకాలు ఉన్నాయి. జన్యు వైవిధ్యాన్ని చదివే మొదటి పనిముట్టు ఏదంటే నేను ఆ నోటుపుస్తకాల పేరే చెబుతాను: ఏ ఎలుక ఏ ఎలుక బిడ్డో రాసి పెట్టుకున్న లెక్క.

లిటిల్ 1909లో అన్నాచెల్లెళ్లను జతకలపడం మొదలుపెట్టాడు. ప్రతి తరంలో అదే పని. పెద్దలు వద్దన్నారు, వంశం బలహీనపడి అంతరిస్తుందన్నారు. అంతరించలేదు. లేత రంగు, గోధుమ రంగు, చారల్లేని వెంట్రుక అనే మూడు లక్షణాల ఇంగ్లీషు తొలి అక్షరాలు కలిపి డీబీఏ అని పేరుపెట్టిన ఆ వంశం ప్రపంచంలో మొదటి ఇన్‌బ్రెడ్ ఎలుక వంశం. 1921లో లాత్రాప్ దగ్గరి 57వ నంబరు ఆడ ఎలుకనూ 52వ నంబరు మగ ఎలుకనూ కలిపి పుట్టిన నల్ల పిల్లల నుంచి సి57 బ్లాక్ వంశం వచ్చింది. ఇవాళ ప్రపంచంలోని ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే 'బ్లాక్ సిక్స్' దాని శాఖే.

అన్నాచెల్లెళ్లను కలపడం వల్ల ఏం జరుగుతుందో తెలుగువాళ్లకు చెప్పడం తేలిక, మేనరికాలు మనకు తెలుసు కాబట్టి. ఒక పూర్వీకుడి దగ్గరున్న ఒకే జన్యు ప్రతి తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ బిడ్డకు చేరే అవకాశాన్ని లెక్కకడితే, మేనబావ మరదళ్ల బిడ్డకు పదహారింట ఒకటి, మేనమామ మేనకోడళ్ల బిడ్డకు ఎనిమిదింట ఒకటి. అన్నాచెల్లెళ్ల జతలో మొదటి తరానికే అది నాలుగింట ఒకటి. ఎలుకల్లో అలా ఇరవై తరాలు నడిపితే తొంభై ఎనిమిది శాతం దాటుతుంది. అప్పుడు ఆ వంశంలో ఏ రెండు ఎలుకలను తీసుకున్నా కవలల్లా ఉంటాయి. ఒకదాని చర్మం మరోదానికి అతికించినా ఒళ్లు తిప్పికొట్టదు.

ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు ఎంత మంది చేసుకుంటున్నారు, వాటి పర్యవసానాలేమిటి అని లెక్కలు తీసి 1963లో జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌లో ప్రచురించింది ద్రోణంరాజు కృష్ణ, మీరాఖాన్. ద్రోణంరాజు పిఠాపురంలో పుట్టినవాడు, జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు. అదే పత్రికలో 1915లో హాల్డేన్, ఆయన చెల్లెలు నవోమి, మిత్రుడు స్ప్రంట్ కలిసి రాసిన పత్రం అచ్చయింది. తెల్ల ఒళ్లు, గులాబి కన్ను అనే రెండు లక్షణాలు ఎలుకల్లో విడివిడిగా కాక జంటగా వారసత్వంలో దిగుతున్నాయని చూపింది అది. జన్యువులు ఒకే క్రోమోజోము మీద పక్కపక్కన కూర్చున్నాయనడానికి ఎలుకల్లో దొరికిన మొదటి రుజువు. పత్రం వచ్చేనాటికి హాల్డేన్ యుద్ధరంగంలో ఉన్నాడు, స్ప్రంట్ ఆ యుద్ధంలోనే పోయాడు. 1919లో హాల్డేనే జన్యువుల మధ్య దూరానికి కొలత పెట్టి, జన్యుశాస్త్రవేత్త మోర్గన్ పేరు మీద సెంటీమోర్గన్ అన్నాడు. తరవాత మనదేశం వచ్చి కలకత్తాలో, భువనేశ్వర్‌లో పనిచేసి, 1964లో భువనేశ్వర్‌లోనే కన్నుమూశాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థులకు రాసిచ్చాడు. అది చేరింది కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు. ఎలుక క్రోమోజోము మీద మొట్టమొదటి గుర్తు పెట్టిన మనిషి చివరి పాఠం తెలుగు పిల్లలకే చెప్పాడు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలకు ఎందుకు ఎక్కదో నాకు అర్థం కాదు.

లిటిల్ 1929లో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో జాక్సన్ ప్రయోగశాల స్థాపించాడు. డబ్బు డెట్రాయిట్ కార్ల యజమానుల నుంచి వచ్చింది, పేరు అందులో ఒకరిది. 1947 అక్టోబరులో అడవి మంటలు దాన్ని కాల్చేశాయి. పదుల వేల ఎలుకలు పోయాయి. కాని అంతకుముందు అక్కణ్నుంచి ఎలుకలు తీసుకెళ్లిన ప్రయోగశాలలు తమ దగ్గరున్న జతలను వెనక్కి పంపాయి, వంశాలు మళ్లీ నిలబడ్డాయి. ఒకే రకం ఎలుక పదిచోట్ల ఉండటంలోని లాభం అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. లిటిల్ విషయంలో ఇంకో మాట కూడా చెప్పాలి. క్యాన్సరులో వంశపారంపర్యం పాత్రను ఎలుకల్లో చూపిన ఈ మనిషే 1954లో అమెరికా పొగాకు కంపెనీలు పెట్టిన పరిశోధన సంఘానికి శాస్త్ర విభాగాధిపతిగా చేరి, సిగరెట్టుకూ క్యాన్సరుకూ సంబంధం రుజువు కాలేదని ఏళ్ల తరబడి వాదించాడు. జన్యువుల మీద నమ్మకం ఎక్కువైతే ఎక్కడికి పోతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

తేడాలు తుడిచేసిన వంశాల వల్ల వచ్చిన మేలు తక్కువది కాదు. అదే ప్రయోగశాలలో జార్జ్ స్నెల్ ఒక వంశంలోని ఒకే ఒక్క క్రోమోజోము ముక్కను తరతరాల సంకరంతో ఇంకో వంశంలోకి దింపి, మిగతాదంతా ఒకటే ఉంచి, అవయవ మార్పిడిని నిర్ణయించే జన్యువులను విడదీశాడు. ఆ పనికి 1980లో నోబెల్ పంచుకున్నాడు. 1949లో అక్కడే విపరీతంగా లావెక్కిన ఎలుకలు కొన్ని కనిపించాయి. వాటిలో చెడింది ఏ జన్యువో 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం పట్టుకుంది. లెప్టిన్ అనే హార్మోను అలా బయటపడింది.

ఆ లావు ఎలుకల్లోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. డగ్లస్ కోల్‌మన్ అదే చెడ్డ జన్యువును రెండు నల్ల వంశాల్లో పెట్టి చూశాడు. బ్లాక్ సిక్స్‌లో ఎలుక లావెక్కింది, చక్కెర పెరిగినా ఒళ్లు సర్దుకుంది. బ్లాక్ కెఎస్ అనే చుట్టపు వంశంలో అదే జన్యువు తీవ్రమైన మధుమేహం తెచ్చి ఎలుకను త్వరగా చంపేసింది. జన్యువు ఒకటే, చుట్టూ ఉన్న మిగతా జన్యువులు వేరు. కెఎస్ అంత వేరుగా ఎందుకుందో తరవాత డీఎన్ఏ గుర్తులు చూస్తే తెలిసింది: ఎప్పుడో ఒకసారి దానిలోకి డీబీఏ రక్తం కలిసింది. ఎవరూ కావాలని కలపలేదు, ఎవరూ గమనించనూ లేదు. పేరు చూసి నమ్మి వాడుకున్నారు.

మన ఒళ్లో బీపీ, షుగరు, ఎత్తు లాంటివి ఒక్క జన్యువుతో తేలేవి కావు. పదుల, వందల జన్యువులు తలా కొంచెం తోస్తాయి. అలాంటివాటిని వెతకాలంటే రెండు వంశాలను కలిపి, మనవల తరంలో ఏ ఎలుకకు ఏ క్రోమోజోము ముక్క ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చూసి, ఆ ముక్కా ఆ లక్షణమూ కలిసి వస్తున్నాయా అని లెక్కకట్టాలి. ముక్కను గుర్తుపట్టడానికి మొదట ఒంటి రంగు, చెవి ఆకారం లాంటివే దిక్కు. తరవాత ప్రొటీన్ల తేడాలు. 1990లలో మైక్రోశాటిలైట్లు వచ్చాయి. డీఎన్ఏలో రెండు మూడు అక్షరాలు పదేపదే తిరిగి వచ్చే చోట్లు అవి. ఆ తిరిగి రావడం ఒక్కో వంశంలో ఒక్కో పొడవు ఉంటుంది, జెల్ మీద పట్టీ ఎక్కడ ఆగిందో చూసి చెప్పొచ్చు. అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఉన్న వైట్‌హెడ్ సంస్థలో విలియం డీట్రిచ్, ఎరిక్ లాండర్ల బృందం 1996 నాటికి ఎలుక జీనోము మీద ఇలాంటి గుర్తులు వేల సంఖ్యలో నాటింది.

గుర్తులు దొరికినా పాత చిక్కు ఒకటి మిగిలింది. మనవల తరంలోని ప్రతి ఎలుకా ఒక్కసారికే పుడుతుంది. దాని జన్యు పంపకం దానితోనే పోతుంది. ఒక ఎలుకకు మద్యం ఇచ్చి చూసి, అదే ఎలుకకు మద్యం ఇవ్వకుండా ఉంటే ఏమయ్యేదో చూడలేం. దీనికి జాక్సన్ ప్రయోగశాలలోనే డొనాల్డ్ బెయిలీ, బెంజమిన్ టేలర్ ఒక ఉపాయం కనిపెట్టారు. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా నచ్చిన ఉపాయం ఇదే. బ్లాక్ సిక్స్‌నూ డీబీఏనూ కలపండి. మనవల తరం వచ్చాక ఆ మనవల్లోంచి ఒక్కో జతను విడదీసి, ఒక్కో జత నుంచి మళ్లీ ఇరవై తరాలు అన్నాచెల్లెళ్లను కలుపుతూ పోండి. రెండు పేకకట్టలు బాగా కలిపి పంచి, ఒక్కో చేతికి వచ్చిన ముక్కలను ఇక ఎప్పటికీ చెదరకుండా అతికించేసినట్టు. ప్రతి కొత్త వంశమూ తాత, అమ్మమ్మల ముక్కలను తనదైన పద్ధతిలో కలగలిపిన మొజాయిక్. ఆ కలగలుపు అక్కడ స్థిరపడిపోతుంది. బీఎక్స్‌డీ అని పేరుపెట్టిన ఆ కుటుంబం 1970లలో రెండు డజన్ల పైచిలుకు వంశాలతో మొదలై, తరవాత మెంఫిస్‌లో రాబర్ట్ విలియమ్స్ బృందం చేతిలో నూట యాభై దాకా పెరిగింది.

దీని అసలు లాభం ఇరవై ఏళ్లు గడిస్తేగాని తెలియలేదు. 1985లో ఎవరో ఒక బీఎక్స్‌డీ వంశంలో మెదడు బరువు తూచారనుకోండి. 2010లో ఇంకో దేశంలో ఇంకొకరు అదే వంశంలో కాలేయంలో ఏ జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తోందో కొలిచారనుకోండి. రెండూ ఒకే జీనోము మీద తీసిన కొలతలు. పక్కపక్కన పెట్టి పోల్చొచ్చు. విలియమ్స్ బృందం జీన్‌నెట్‌వర్క్ అనే ఉచిత వేదికలో ఇలాంటి కొలతలన్నిటినీ పోగుచేసింది. ఎవరో ఎందుకో కొలిచిన దానిలో మనకు కావలసిన జవాబు దొరుకుతుంది. కొలిచిన మనిషికి ఆ ప్రశ్న తట్టి కూడా ఉండదు.

2002 డిసెంబరులో ఎలుక జీనోము ముసాయిదా నేచర్ పత్రికలో వచ్చింది. రెండున్నర వందల కోట్ల అక్షరాలు, దాదాపు ప్రతి మనిషి జన్యువుకూ ఎలుకలో జోడు ఉందన్న వార్త. పత్రికలన్నీ 'ఎలుక జీనోము' అన్నాయి. నిజానికి అది ఎలుక జీనోము కాదు, బ్లాక్ సిక్స్ జీనోము. మిగతా వంశాల తేడాలు చదవడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. 2011లో ఇంగ్లండులోని సాంగర్ సంస్థలో థామస్ కీన్, డేవిడ్ ఆడమ్స్ బృందం పదిహేడు వంశాలను పూర్తిగా చదివి, అయిదు కోట్ల అరవై ఏడు లక్షల ఒంటి అక్షరపు తేడాలను పట్టికలోకి ఎక్కించింది. ఆ తేడాల్లో ఎక్కువ భాగం అడవి నుంచి, పొలాల నుంచి కొత్తగా పట్టి తెచ్చిన నాలుగు వంశాల్లోవి. లాత్రాప్ కొట్టాల నుంచి వచ్చిన పాత వంశాలు తమలో తాము చుట్టాలే. నార్త్ కరోలినాలోని ఫెర్నాండో పార్డో మాన్యుయెల్ డి విల్లెనా, జాక్సన్‌లోని గ్యారీ చర్చిల్ కలిసి చూపిందీ ఇదే. పాత వంశాల జీనోములో అధిక భాగం పశ్చిమ ఐరోపా ఇంటెలుక ఒక్కదానిదే, అదీ గుప్పెడు పూర్వీకుల నుంచి వచ్చిందే. అంటే జీనోములో చాలా చోట్ల ఏ వంశాన్ని ఏ వంశంతో కలిపినా తేడా కనిపించదు. అక్కడ దాగిన జన్యువు ఎన్ని వేల ఎలుకలను చూసినా దొరకదు.

దొరక్కపోతే ఏం నష్టమో ఒక ఉదాహరణ చెబుతాను. వెస్ట్ నైల్ అనే వైరసు మన జపనీస్ మెదడువాపు, డెంగీ వైరసుల కుటుంబంలోది. మామూలు ప్రయోగశాల ఎలుకకు ఎక్కిస్తే చనిపోతుంది. ఎలుక ఈ జబ్బుకు లొంగే జంతువని అందరూ అనుకున్నారు. అడవి ఎలుకలకు ఎక్కిస్తే చాలావాటికి ఏమీ కాదు. 1930లలోనే రాక్‌ఫెల్లర్ సంస్థలో లెస్లీ వెబ్‌స్టర్ ఈ రకం వైరసులను తట్టుకునే ఎలుకలను ఎంచి పెంచాడు. ఆ తట్టుకునే శక్తి ఒక్క జన్యువుతో వస్తోందనీ తేలింది. ఆ జన్యువేదో 2002లో పారిస్ పాశ్చర్ సంస్థలోనూ అమెరికాలోనూ రెండు బృందాలు విడివిడిగా పట్టుకున్నాయి. ఓఏఎస్1బి. లొంగే ఎలుకల్లో ఆ జన్యువు మధ్యలో ఒక్క అక్షరం మారి ప్రొటీన్ సగంలో తెగిపోతోంది. ఆ తెగిన ప్రతి పాత ప్రయోగశాల వంశాల్లో దాదాపు అన్నిటికీ ఉంది. పారిస్ బృందానికి జవాబు దొరికింది అడవి నుంచి తెచ్చిన ఎలుకలతో సంకరం చేశాకే. దశాబ్దాలపాటు మనం 'ఎలుక' గురించి తెలుసుకున్నామనుకున్నది ముచ్చటకు పెంచిన ఎలుకల్లో ఎక్కడో చొరబడ్డ ఒక లోపం గురించి.

ఈ కొరత తీర్చడానికి 2000ల మొదట్లో కొందరు కలిసి ఒక పెద్ద పథకం వేశారు. దాని పేరు కొలాబొరేటివ్ క్రాస్. ఎనిమిది వంశాలను ఎంచారు. బ్లాక్ సిక్స్ సహా అయిదు పాతవి. వాటిలో ఒకటి దానంతటదే టైప్ వన్ మధుమేహం వచ్చేది, ఇంకొకటి బాగా లావెక్కేది. మిగతా మూడు అడవివి: థాయ్‌లాండ్‌లో పట్టినది, చెక్ దేశంలో పట్టినది, అమెరికాలోని మేరీలాండ్‌లో పట్టినది. ఇంటెలుకలోని మూడు ఉపజాతులూ అలా చేరాయి. ఎనిమిదింటినీ మూడు తరాల్లో ఒకదానిలో ఒకటి కలిపి, ఆ తరవాత బీఎక్స్‌డీ మాదిరే అన్నాచెల్లెళ్ల జతలు నడపాలి. ప్రయోగశాల ఎలుకల్లో తెలిసిన తేడాల్లో తొంభై శాతం దాకా ఈ ఎనిమిదింటిలోనే ఉన్నాయని అంచనా. అమెరికాలో, ఇజ్రాయెల్‌లో, ఆస్ట్రేలియాలో మూడు చోట్ల పెంపకం మొదలైంది. వెయ్యి వంశాలు వస్తాయనుకున్నారు.

రాలేదు. మొదలుపెట్టిన వాటిలో సుమారు తొంభై అయిదు శాతం మధ్యలోనే అంతరించాయి. దాదాపు సగం చోట్ల మగ ఎలుకలకు సంతానశక్తి లేకపోవడం కారణమని 2017లో ప్రచురించారు. మూడు ఉపజాతులు విడిపోయి లక్షల ఏళ్లయింది. ఒకదాని జన్యువులు రెండోదాని జన్యువులతో వీర్యం తయారీలో కుదరవు. చూసేవాళ్లకు ఇది వైఫల్యం. నేనైతే ఇదే ఒక ప్రయోగమంటాను. కొత్త జాతి ఎలా విడిపోతుందో పుస్తకంలో చదువుతాం. ఇక్కడ బోనుల్లో జరుగుతుంటే లెక్కపెట్టారు.

బతికిన వంశాలు కొన్ని పదులు. అవి చాలు అనిపించే ఫలితం 2014లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఎబోలా వైరసును ఎలుకకు అలవాటు చేసి మామూలు ఎలుకకు ఎక్కిస్తే చస్తుంది, కాని మనుషుల్లో కనిపించే రక్తస్రావం కనిపించదు. అందుకని మందులకూ టీకాలకూ ఎలుక పనికిరాదన్నారు. ఏంజెలా రాస్‌ముస్సెన్, మైకేల్ కాట్జ్ తదితరులు అదే వైరసును కొలాబొరేటివ్ క్రాస్ ఎలుకలకు ఎక్కించారు. కొన్ని వంశాలు మొదట బరువు తగ్గి రెండు వారాల్లో కోలుకున్నాయి. కొన్ని రక్తస్రావం లేకుండా చచ్చాయి. కొన్నిటికి అచ్చం మనుషుల్లోలా రక్తం గడ్డకట్టడం చెడి, ఒళ్లంతా రక్తస్రావమై చచ్చాయి. వైరసు ఒకటే, మోతాదు ఒకటే. ఎలుక పనికిరాదన్న మాట తప్పు, ఆ ఒక్క ఎలుక పనికిరాదు అంతే.

ఆ ఎనిమిది పూర్వీకుల నుంచే జాక్సన్ ప్రయోగశాల ఇంకో జనాభాను పెంచుతోంది. డైవర్సిటీ అవుట్‌బ్రెడ్ అంటారు. ఇందులో దగ్గరి చుట్టాలను కలపనే కలపరు. ఏ రెండు ఎలుకలూ ఒకటి కావు. మన ఊళ్లో మనుషుల్లా. దీన్ని చదవాలంటే ప్రతి ఎలుకకూ లక్షకు పైగా గుర్తులున్న చిప్ మీద పరీక్ష చెయ్యాలి, ప్రతి చోటా అది ఎనిమిది మంది పూర్వీకుల్లో ఎవరి ముక్కో గణితంతో ఊహించాలి. కార్ల్ బ్రోమన్ రాసిన ఆర్-క్యూటీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రెండో కూర్పు ఆ పని చేస్తుంది.

ఇంత పెద్ద పథకాలు మనకెందుకు, మా కాలేజీలో ఉన్న ఎలుకలతో మేం సరిపెట్టుకుంటాం అనేవాళ్లకు ఇప్పుడు చెప్పబోయేది. బ్లాక్ సిక్స్ 1951లో జాక్సన్ నుంచి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు వెళ్లింది. అప్పటి నుంచి అక్కడున్నది 'ఎన్', ఇక్కడ మిగిలింది 'జే'. చూపుకు రెండూ ఒకటే. కాలం గడిచేకొద్దీ ఒక్కోదానిలో కొత్త ఉత్పరివర్తనలు స్థిరపడ్డాయి. 'జే'లో ఎన్ఎన్‌టీ అనే జన్యువు ముక్క ఎగిరిపోయింది, దానితో చక్కెర తిన్నాక ఇన్సులిన్ విడుదల మందగించింది. 'ఎన్'లో కంటిపొర జన్యువు ఒకటి చెడింది, రెటీనా పాడవుతుంది. చూపు మీద పరిశోధన చేసేవాళ్లు 'ఎన్' తీసుకుంటే కథ కంచికే. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం ఎలా చెడుతుందో చూడటం మన ఫార్మసీ కాలేజీల్లో నిత్యం జరిగే ప్రయోగం. అమెరికాలో ఆ ప్రయోగంలోనే ఒక బృందం జేఎన్‌కే2 అనే జన్యువు తీసేసిన ఎలుకలనూ మామూలు ఎలుకలనూ పోల్చి ఒక నిర్ణయానికి వచ్చింది. పోల్చడానికి తీసుకున్నవి వేరే ఉపవంశానివని తరవాత బయటపడింది. తేడా జన్యువు వల్ల కాదు, 'జే'కీ 'ఎన్'కీ మధ్య తేడా వల్ల. ఆ బృందమే ఆ సంగతిని 2011లో బాహాటంగా ప్రచురించింది. ఆ ధైర్యం అందరికీ ఉండదు. ఇలాంటి పొరపాట్లు పట్టడానికే నార్త్ కరోలినా బృందం 2020లో మినీమూగా అనే చౌక చిప్ తయారుచేసింది. పదకొండు వేల గుర్తులతో అది ఉపవంశాలను కూడా విడదీసి చెబుతుంది.

పరిసరాల సంగతి కూడా ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. 1999లో అచ్చయిన ఒక పరిశోధన కోసం పోర్ట్‌లాండ్, ఎడ్మంటన్, ఆల్బనీల్లో మూడు ప్రయోగశాలలు అవే వంశాల మీద, అదే వయసులో, అదే పరికరాలతో ప్రవర్తన పరీక్షలు చేశాయి. కొన్ని ఫలితాలు కలవలేదు. జన్యువులు ఒకటైనంత మాత్రాన అంతా ఒకటి కాదు.

ఇక మన దగ్గరికి. తెలుగు రాష్ట్రాల ఫార్మసీ, జీవశాస్త్ర థీసిస్‌లలో ఏ ఎలుక అని చూస్తే తరచుగా కనిపించేది స్విస్ అల్బినో. 1926లో క్లారా లించ్ అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండులోని లోసాన్ నుంచి న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థకు తొమ్మిది తెల్ల ఎలుకలను తీసుకెళ్లింది, రెండు మగవి, ఏడు ఆడవి. ప్రపంచంలో స్విస్ పేరుతో తిరిగే ఎలుకల్లో చాలావరకు ఆ తొమ్మిదింటి సంతతే. వీటిని అవుట్‌బ్రెడ్ అంటారు, అంటే రకరకాల జన్యువులు కలిసినవని అర్థం. ఒక్కో పెంపకందారు దగ్గర ఎన్ని జతలతో మొదలైంది, ఎన్నేళ్లు మూసిన గదిలో పెరిగింది, మధ్యలో ఏ రక్తం కలిసింది అనేదాన్ని బట్టి ఈ ఊరి స్విస్ ఆ ఊరి స్విస్ కాదు. మన థీసిస్‌లలో 'ఆరోగ్యవంతమైన స్విస్ అల్బినో ఎలుకలు, బరువు ఇరవై అయిదు నుంచి ముప్పై గ్రాములు' అని ఒక వాక్యం ఉంటుంది. పదేళ్ల నాటి థీసిస్‌లోనూ అదే వాక్యం, అచ్చుతప్పులతో సహా. బరువు చెప్పాం, జన్యువులు చెప్పలేదు.

హైదరాబాదులో దీనికి విరుగుడు లేకపోలేదు. జాతీయ పోషకాహార సంస్థ కూనూరు నుంచి వచ్చేటప్పుడు తనతో తెచ్చుకున్న విస్టార్ తెల్ల ఎలుకల కాలనీని దశాబ్దాలుగా లెక్కరాసుకుంటూ కాపాడింది. ఆ కాలనీలోనే 1990లలో దానంతటదే లావెక్కే ఎలుకలు పుట్టాయి. వంశావళి రాసి ఉంది కాబట్టే అది కొత్త ఉత్పరివర్తన అని గుర్తుపట్టగలిగారు. ఇవి ప్రయోగశాల 'ర్యాట్'లు, నేనింతసేపూ చెప్పిన చిన్న ఎలుకలు కావు. పాఠం మాత్రం లాత్రాప్ నోటుపుస్తకాలదే.

విద్యార్థులకు నా విన్నపాలు రెండు. మొదటిది: మీ థీసిస్‌లో ఎలుక పూర్తి పేరు రాయండి. వంశం, ఉపవంశం, ఎక్కడ కొన్నారు, మీ జంతుశాలకు ఎప్పుడొచ్చింది, ఎన్ని తరాలుగా అక్కడ పెరుగుతోంది. పెంపకందారు చెప్పకపోతే అడగండి, అడిగినా చెప్పకపోతే ఆ మాటే రాయండి. జన్యువు తీసేసిన ఎలుకలతో పనిచేస్తుంటే పోల్చే ఎలుకలు అదే గూటి తోబుట్టువులై ఉండేలా చూసుకోండి. గైడ్ వద్దంటే ఈ ఉపన్యాసం అచ్చుప్రతి చూపించండి.

రెండోది: మీ కాలేజీలో జంతుశాల లేదని కూర్చోకండి. బీఎక్స్‌డీ, కొలాబొరేటివ్ క్రాస్, డైవర్సిటీ అవుట్‌బ్రెడ్ ఎలుకల కొలతలు జీన్‌నెట్‌వర్క్‌లో, జాక్సన్ వారి మౌస్ ఫీనోమ్ డేటాబేస్‌లో ఎవరైనా తీసుకునేలా ఉన్నాయి. పదిహేడు వంశాల తేడాల పట్టిక ఉచితం. ఆర్-క్యూటీఎల్ ఉచితం. ఒక మామూలు ల్యాప్‌టాప్, కొంచెం గణాంకశాస్త్రం, బోలెడంత ఓపిక ఉంటే శ్రీకాకుళంలో కూర్చున్నా, ఆదిలాబాద్‌లో కూర్చున్నా, ఒక్క ఎలుకనైనా చంపకుండా కొత్త ప్రశ్న అడగొచ్చు. ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన నిధి నిర్వాహకులు వచ్చే ఏడాది నుంచి అలా పనిచేసే ఒక విద్యార్థికి ఈ మాస్టారి పేరిట ఫెలోషిప్ ఇవ్వాలని కోరుతున్నాను. నాకు ఇవ్వబోయే పారితోషికం ఆ ఫెలోషిప్‌కే జమ చేసుకోండి.